గుంయ్ శబ్దం ఎక్కడిదో చూపించింది: విజువల్ అనలైజర్

విశాఖపట్నం కంచరపాలెంలో ఆంప్లిఫయర్లు బాగుచేస్తుంటాను. దసరా ముందు గుడివాళ్ల భజన ఆంప్లిఫయర్ ఒకటి వచ్చింది. ఎవరూ పాడకపోయినా స్పీకర్ గుంయ్ మంటోంది. "ఏటి బాబూ, తేనెటీగలు గాని దూరాయా ఇందులోకి?" అన్నారు తెచ్చిన పెద్దాయన.

చెవికి అది హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ శబ్దం) అని తెలుస్తుంది. ఎక్కణ్ణుంచో మాత్రం చెవి చెప్పదు. సిగ్నల్‌ని అలగా గీసి చూపే ఆసిలోస్కోప్ కొందామంటే నేను అడిగిన చోటల్లా రూ.20 వేల పైమాటే. అందుకే విజువల్ అనలైజర్ దించుకున్నాను. ఇటలీకి చెందిన ఆల్ఫ్రెడో అకతాటిస్ రాసిన విండోస్ ప్రోగ్రామ్ ఇది, పైసా తీసుకోరు. లాప్‌టాప్ సౌండ్ కార్డే దీనికి ప్రోబ్, అంటే సిగ్నల్‌ని లోపలికి తీసుకునేది. పైన అల, కింద స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మ), రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి.

ముందు నా తెలివి చెప్పాలి. మొదటిరోజే స్పీకర్ వైర్లు తిన్నగా మైక్ జాక్‌లో పెట్టేశాను. 30 వాట్ల ఆంప్లిఫయర్ 8 ఓమ్‌ల మీద పూర్తిగా పాడితే పీక్ 22 వోల్టుల దాకా వెళ్తుంది. మైక్ జాక్ తట్టుకునేది వోల్టు కూడా కాదు. ఆ జాక్ అక్కడితో సరి. ఇప్పుడు డాబాగార్డెన్స్‌లో కొన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడుతున్నాను. దాని ముందు 100కే, 1కే (కే అంటే వెయ్యి ఓమ్‌లు) రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించే డివైడర్, ఎక్కువైతే ఆపడానికి అడ్డంగా ఎదురెదురుగా రెండు డయోడ్లు. 22 వోల్టులు వచ్చినా లోపలికి వెళ్లేది 0.22 మాత్రమే. దీన్ని కరెంటు లైను మీద గాని, ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ప్రైమరీ, అంటే కరెంటు లైనుకి తగిలి ఉండే వైపు మీద గాని పెట్టకండి, ప్రాణాలు పోతాయి.

ఇక గుడి ఆంప్లిఫయర్ సంగతి. ఎఫ్‌ఎఫ్‌టీ (అలని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) సైజు 4096 ఉంటే, సెకనుకి 44,100 సార్లు కొలిచే శాంప్లింగ్‌లో ఒక్కో గీతకు దాదాపు 10.8 హెర్ట్జ్ వెడల్పు, కొండలన్నీ లావుగా వస్తాయి. 16384 చేస్తే 2.7కి దిగుతుంది. అప్పుడు తెర మీద 100 హెర్ట్జ్ దగ్గర తాటిచెట్టంత కొండ, పక్కన 200, 300 దగ్గర దాని పిల్లలు. 50 దగ్గర చిన్న బుడిపె. మన కరెంటు 50 హెర్ట్జ్. ఏసీని డీసీ చేసే బ్రిడ్జ్ రెక్టిఫయర్ అలలోని రెండు సగాలనూ ఒకవైపుకి తిప్పుతుంది కాబట్టి, దాని తర్వాత డీసీ మీద మిగిలే అలజడి, అంటే రిపుల్, 100 అవుతుంది. ఇన్‌పుట్ షార్ట్ చేసినా కొండ కదల్లేదు, అంటే గుంయ్ మైక్ వైపు నుంచి రావడం లేదు. ఆ రిపుల్‌ని చదును చేయాల్సిన ఫిల్టర్ కెపాసిటర్ పైకి ఉబ్బలేదు, కారలేదు, చూస్తే కొత్తదే అనిపిస్తుంది. అయినా మార్చాను. 100 దగ్గరి కొండ 30 డీబీ దాకా కిందికి దిగింది. పెద్దాయన చెవి ఆనించి విని, "ఎగిరిపోనాయి" అన్నారు.

తర్వాతి వారం ఇంకో సెట్టు మీద 50 దగ్గర కొండ లేచింది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వైరింగంతా విప్పబోయి, ఎందుకో లాప్‌టాప్ చార్జర్ పీకాను. కొండ మాయం. చార్జర్ ఎర్తు, ఆంప్లిఫయర్ ఎర్తు కలిసి చుట్టు తిరిగే గ్రౌండ్ లూప్, నేను పెట్టిందే అది! అప్పట్నుంచి బ్యాటరీ మీదే చూస్తున్నాను.

తెర మాత్రం బటన్లతో సంతలా ఉంటుంది, మొదటి రెండు రోజులు చిరాకొస్తుంది. విండోస్‌లో మైక్‌కి ఉండే ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ ఆపండి, లేకపోతే నిలకడగా ఉండాల్సిన సైన్ వేవ్ ఊపిరి తీసుకుంటున్నట్టు లేస్తూ పడుతూ ఉంటుంది. నాకు అది తెలియడానికి ఒక సాయంత్రం పోయింది. పైగా సముద్రపు గాలికి మా ఊళ్లో ప్లగ్గులు పచ్చబడిపోతాయి, తుడవకపోతే ఆ చిటపటలు కూడా సిగ్నలే అనుకుంటాం.

సౌండ్ కార్డు డీసీ చూపించదు, స్క్వేర్ వేవ్ పైకప్పు వాలిపోయి కనిపిస్తుంది. 44,100 శాంప్లింగ్ మీద 22 కిలోహెర్ట్జ్ దాటి ఏమీ కనపడదు. చవక కార్డుల్లో మైక్ ఒకటే చానల్, లెఫ్ట్ రైట్ పక్కపక్కన చూడాలంటే లైన్-ఇన్ ఉన్నది కొనాలి. ఆడియో పని చేసేవాళ్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. టీవీ బోర్డుల్లో ఎస్‌ఎంపీఎస్ స్విచింగ్ చూడాలంటే ఇది పనికిరాదు. దానికి కావాల్సిన ఆసిలోస్కోప్ కోసం నేను చిట్టీ కడుతున్నాను, ఇంకా ఏడు వాయిదాలున్నాయి.