పద్నాలుగేళ్ల కంప్యూటర్, నాలుగు ఫోన్లు: రెండూ వాడిన అనుభవం

600 పెళ్లి కార్డులు కట్టలు కట్టి పంపేశాక ఫోన్ వచ్చింది. "అక్కా, వధూవరులు అనే మాట తప్పు పడ్డది, చూసినవా?" అన్నాడు పెళ్లికొడుకు తమ్ముడు. వెంటనే ఫైలు తెరిచాను. నిజమే. 'ధ' కింద ఉండాల్సిన చిన్న గీత లేదు, 'వదూవరులను ఆశీర్వదించి' అని ఉంది. గుండె జారిపోయింది.

నేను హన్మకొండ చౌరస్తా దగ్గర పెళ్లి కార్డులు కంపోజ్ చేసే ఒక డీటీపీ షాపులో పనిచేస్తాను. ఆ కార్డు కంపోజ్ అయిన రోజు పరకాలలో మా అమ్మ దగ్గర ఉన్నాను. షాపులో తోటి అమ్మాయి ప్రూఫ్ వాట్సాప్‌లో పంపింది. పెళ్లివారింట్లో నలుగురు చూశారు, నేనూ చూశాను. అందరం ఫోన్‌లోనే చూశాం. పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు అడ్రసు అన్నీ సరిపోయాయి. "ఓకే, ప్రింట్‌కి ఇచ్చెయ్" అన్నాను. అదే ఫైలును మానిటర్ మీద తెరిస్తే ఎక్కడ వెతకాలో చూసుకునే పని కూడా లేకుండా ఆ అక్షరం కంట్లో పడింది. మళ్లీ 600 కార్డులు మా ఖర్చుతో వేయించి ఇచ్చాం. వాళ్లు ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ బాధేసింది.

"అన్నీ ఫోన్‌లోనే అవుతున్నాయి కదా, ఇంట్లో ఇంకా ఆ కంప్యూటర్ ఎందుకు?" అని చుట్టాలు, షాపుకొచ్చేవాళ్లు చాలాసార్లు అడిగారు. నా ఇంటి కంప్యూటర్‌కు పద్నాలుగేళ్లు. ఈ పద్నాలుగేళ్లలో నాలుగు ఫోన్లు మార్చాను. రోజూ రెండూ వాడుతూ, రెండింటిలోనూ తెలుగు చదువుతూ తెలుసుకున్నది రాస్తున్నాను.

2011లో నేనూ మా ఆయనా కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్స్ అంతా తిరిగి అసెంబుల్ చేయించుకున్న మెషిన్ ఇది. రెండో తరం ఐ3 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్. మొత్తం 19 వేలు అయింది. మానిటర్‌ను ఒళ్లో పెట్టుకుని వచ్చాను. ఇంట్లో కూడా టైపింగ్ పని చేసుకోవచ్చని కొన్నాం కానీ, దాని మీద ఎక్కువగా చేసింది చదవడమే.

అప్పట్లో నా దగ్గర కీప్యాడ్ ఫోన్ ఉండేది. దాంట్లో తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. ఒపెరా మినీ వేసుకుని, అడ్రసు బార్‌లో 'ఒపెరా:కాన్ఫిగ్' అని కొట్టి, చివర్లో ఉండే బిట్‌మ్యాప్ ఫాంట్ల ఆప్షన్‌ను 'యెస్' చేస్తే ఆ డబ్బాలు అక్షరాలయ్యేవి. అవి నిజమైన అక్షరాలు కావు. అవతల సర్వర్‌లో తెలుగును బొమ్మగా మార్చి పంపేవాళ్లు. ఆ బొమ్మ అక్షరాలు మసకగా ఉన్నా మొదటిసారి చేతిలో తెలుగు చూసినప్పుడు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. బస్సులో పక్కన కూర్చున్నావిడకు కూడా చూపించాను. ఆ రోజులు తెలిసినదాన్ని కాబట్టి ఫోన్‌ను తక్కువ చేసి మాట్లాడటం నాకు చేతకాదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఊళ్లన్నీ మారిపోయాయి. మా అమ్మ పెద్దగా చదువుకోలేదు. ఇప్పుడు ఫోన్‌కు నోటితో చెప్పి తనకు కావలసింది వెతుక్కుంటుంది. ఎనుమాముల మార్కెట్‌లో ఇవాళ మిర్చి ఎంత పలికిందో మా తమ్ముడికి పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, కూరగాయలకు ఇచ్చే 40 రూపాయలు, బస్ టికెట్ అన్నీ ఫోన్‌లోనే. వీటి కోసం కంప్యూటర్ ఆన్ చేసి ఏళ్లు అయింది. మా షాపు పనిలో కూడా ఫోన్ చాలా సాయం చేస్తుంది. ఎవరైనా పాత కార్డు తెచ్చి ఇలాగే కావాలంటే ఫోన్‌తో ఫొటో తీసి అందులోంచి అక్షరాలు లాగేస్తాను, సగం టైపింగ్ తప్పుతుంది. తర్వాత ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే ఆ యూనికోడ్ అక్షరాలను డీటీపీలో వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు అటూ ఇటూ అవుతాయి, అవి కూర్చుని సరిచేసుకోవాలి.

ఇక చదవడం సంగతి.

ఇంగ్లిష్ అక్షరాలు విడివిడిగా ఒకే గీత మీద నిలబడతాయి. తెలుగులో అక్షరానికి పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము. 'స్త్ర్య' లాంటిది ఒక్క అక్షరం చోటులోనే ఇమడాలి. 'ద'కూ 'ధ'కూ, 'డ'కూ 'ఢ'కూ తేడా కింద ఉండే చిన్న గీత మాత్రమే. ఆరు అంగుళాల తెర మీద పేజీ మొత్తం సర్దితే ఆ గీత దుమ్ము కణమంత అవుతుంది. అలాంటప్పుడు మనం అక్షరం చూడం, మాట ఆకారం చూసి పోల్చుకుంటాం. 'వధూవరులు' అక్కడ ఉంటుందని ముందే తెలుసు కాబట్టి అదే ఉందనుకుంటాం. పైగా వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది బొమ్మను కుదించి పంపుతుంది, ఉన్న గీత కూడా కరిగిపోతుంది. ప్రూఫ్ పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గానే పంపండి, కుదించదు.

పాత పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లకూ ఇదే కష్టం. నాకు పాత తెలుగు పుస్తకాలంటే ప్రాణం. అవి స్కాన్ చేసిన పేజీలు కాబట్టి ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయాలంటే పేజీని సాగదీయాలి. సాగదీస్తే లైను చివర తెర దాటిపోతుంది. వేలితో కుడికి జరిపి, మళ్లీ ఎడమకు లాక్కుని, తర్వాతి లైను ఎక్కడుందో వెతుక్కోవాలి. నాలుగు పేజీలు చదివేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. మానిటర్ మీద ఎడమవైపు సగంలో పుస్తకం, కుడివైపు సగంలో ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటువు పెట్టుకుంటాను. తెలియని మాట తగిలితే పుస్తకం మూయకుండానే అర్థం చూసుకుంటాను. ఫోన్‌లో అయితే పుస్తకంలోంచి బయటకు రావాలి. వచ్చేసరికి పైన ఇద్దరు కస్టమర్ల మెసేజ్‌లు కనిపిస్తాయి, వాళ్లకు జవాబిచ్చి వెనక్కి వెళితే ఏ మాట కోసం బయటికొచ్చానో గుర్తుండదు.

నలభై రెండో ఏట చత్వారం వచ్చింది. దాంతో కంప్యూటర్ విలువ నాకు బాగా తెలిసొచ్చింది. ఫోన్‌ను జానెడు దూరంలో పట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతాయి, దూరం జరిపితే మరీ చిన్నవవుతాయి. మానిటర్ చేయి చాచినంత దూరంలో ఉంటుంది, అక్షరాన్ని ఎంతైనా పెంచుకోవచ్చు. అద్దాలు ఎక్కడ పెట్టానో మర్చిపోయిన రోజు కూడా నా చదువు ఆగలేదు.

ఈ చిన్న సంగతి చాలామందికి తెలియదు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర 'అడ్వాన్స్‌డ్' నొక్కితే ఏ భాషకు ఏ ఫాంట్, ఎంత సైజు అని విడిగా పెట్టుకునే వీలుంది. అక్కడ తెలుగు ఎంచుకుని, ఉచితంగా దొరికే మండలి ఫాంట్ వేసుకున్నాను, సైజు 22 పెట్టాను. ఇంగ్లిష్ పేజీలు మాత్రం మామూలు సైజులోనే ఉంటాయి. ఏదైనా సైట్ తన ఫాంటే వాడతానంటే రీడర్ వ్యూ నొక్కితే చాలు. ఇది చేశాక మా మామయ్య కూడా పొద్దున పేపర్ అయిపోగానే కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. అంతకుముందు ఆయన ఫోన్‌లో హెడ్డింగులు చదివి పక్కన పెట్టేసేవారు.

2024లో మా పాప ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కూడా ఇదే తేడా చూశాను. ముందు ఫోన్‌లోనే మొదలుపెట్టింది. కాలేజీలు, బ్రాంచీలు పట్టికలాగా వస్తాయి. కిందికి జరిపేకొద్దీ పైనున్న హెడ్డింగ్ కనబడకుండా పోతుంది, ఏ బ్రాంచీ కింద నంబరు వేస్తున్నదో తెలియదు. ఒక కాలేజీలో తనకు అసలు వద్దనుకున్న బ్రాంచీకి మూడో నంబరు పడింది. అదృష్టం బాగుండి సేవ్ చేశాక చూసుకుంది. "అమ్మా, నువ్వు రా" అని పిలిచింది. కంప్యూటర్‌లో తెరిచి, పక్కన కాగితం మీద రాసుకున్న వరసతో ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ రెండు గంటల్లో పూర్తి చేశాం, ప్రింట్ తీసుకున్నాం. ఓటీపీ మాత్రం ఫోన్‌కే వచ్చింది. పిల్లల భవిష్యత్తు ముడిపడిన ఫారం ఏదైనా దయచేసి పెద్ద తెర మీదే నింపండి. ఇంట్లో లేకపోతే తెలిసినవాళ్ల ఇంటికో, నెట్ సెంటర్‌కో వెళ్లండి.

కంప్యూటర్‌తో కష్టాలు లేవని కాదు. దానికి కరెంటు కావాలి, చోటు కావాలి. మా వీధిలో కోతులు కేబుల్ వైర్లు పట్టుకుని ఊగితే ఆ రోజు ఇంటర్నెట్ ఉండదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. 2023 జూలై ఆఖరులో వానలకు హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నిలిచాయి. కింద స్టాండు మీదున్న సీపీయూను మా ఆయన, నేను చీకట్లో ఫోన్ టార్చి వెలుగులో సజ్జ మీదికి ఎక్కించాం. భద్రకాళి చెరువు కట్ట తెగిన సంగతీ, మా వాళ్లు క్షేమంగా ఉన్న సంగతీ ఫోనే చెప్పింది. ఆ మూడు రోజులు కంప్యూటర్ ఉన్నా లేనట్టే.

ఒకసారి ఉన్నట్టుండి ఏ సైట్ తెరిచినా 'సురక్షితం కాదు' అని వచ్చింది. వైరస్ అనుకుని టెన్షన్ పడ్డాం. చివరికి చూస్తే తేదీ పదేళ్లు వెనక్కి వెళ్లింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ అయిపోతే గడియారం మొదటికొస్తుంది, తేదీ తప్పితే బ్రౌజర్ ఏ సైట్‌నూ నమ్మదు. సెల్ మార్చాం, బాగుపడింది. కంప్యూటర్‌లో నాకు నచ్చేది ఇదే. చెడిపోయిన ముక్క మార్చుకుంటే మిగతాది నడుస్తుంది. 2019లో హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించాక అయిదు నిమిషాలకు ఆన్ అయ్యేది అర నిమిషంలో అవుతోంది. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ఒకసారి, యూపీఎస్ బ్యాటరీ నాలుగుసార్లు, కీబోర్డులు మూడు, ర్యామ్ ఒకసారి మార్చాను. కొన్నప్పటి 19 వేలతో కలిపినా 30 వేలు దాటలేదు. నాలుగు ఫోన్లకు 48 వేలు అయింది. వాటిలో రెండు పగలకుండానే మూలపడ్డాయి. ఒకదాని బ్యాటరీ ఉబ్బింది, ఇంకొకదానికి అప్‌డేట్లు ఆగిపోయి బ్యాంకు యాప్ పనిచేయలేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సపోర్ట్ ముగిసింది. నా పాత ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోదు. మా అక్క కొడుకు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసిచ్చాడు. కార్డులు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ షాపులో ఉంటుంది కాబట్టి ఇంట్లో నాకు కావలసినవి బ్రౌజర్, పీడీఎఫ్, తెలుగు టైపింగ్, అంతే. యూనికోడ్ తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక అందులో ముందే ఉంది. షాపులో అను ఫాంట్లతో వాడే 'ఆపిల్' అనే అమరికకు అలవాటుపడ్డ వేళ్లకు నెల రోజులు కష్టమైంది, ఇప్పుడు రెండూ వస్తున్నాయి.

కొత్తగా కొనేవాళ్లు అడిగితే ఒకటే చెబుతాను. మెసేజ్‌లు, వీడియోలు, బిల్లులు మాత్రమే మీ అవసరమైతే కంప్యూటర్ వద్దు, డబ్బు దండగ. ఇంట్లో చదివే పెద్దవాళ్లున్నా, పదో తరగతి దాటిన పిల్లలున్నా ఒక పాత ఆఫీసు కంప్యూటర్ కొని, అందులో ఎస్ఎస్‌డీ వేయించి, మిగిలిన డబ్బు మానిటర్ మీద పెట్టండి. ప్రాసెసర్ పాతదైనా చదవడానికి తేడా తెలియదు. మానిటర్ చిన్నదైతే మాత్రం తెలుస్తుంది.

ఆ కార్డుల సంగతి జరిగాక మా షాపులో పద్ధతి మార్చాం. ఫోన్‌లో 'ఓకే' అంటే ప్రింట్‌కు ఇవ్వడం లేదు. ఇంటివాళ్లలో ఒకరు వచ్చి మానిటర్ ముందు కూర్చుని పైకి చదవాలి. దూరం నుంచి రాలేనివాళ్లకు ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి పంపుతున్నాం. పోయిన వారం ములుగు వైపు నుంచి ఒక తాత మనవడితో వచ్చాడు. ఫైలు అంతకుముందే ఆ మనవడి ఫోన్‌కు పంపాం, బాగుందన్నాడు. తాత కుర్చీ దగ్గరికి లాక్కుని, తెర మీద వేలు ఆనించి, శ్లోకం దగ్గర్నుంచి మాటమాటా చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. "బిడ్డా, జ్యేష్ఠ పుత్రుడు అన్నకాడ ష కింద ఠ వత్తు ఉండాలె. నువ్వు ట వత్తు ఇచ్చినవ్" అన్నాడు. మనవడు ఫోన్ తీసి అదే మాట మీద పెద్దది చేసి చూశాడు. నేను అక్షరం సరిచేసి పక్కకు జరిగాను, ఆయన తర్వాతి లైను అందుకున్నాడు.