చిన్న ట్రాక్టర్‌కు ముందుగా ఏది కొనాలి: గొర్రా, రోటవేటరా?

24 హార్స్‌పవర్ పాత ట్రాక్టర్ కొన్న తరువాత నా చేతిలో మిగిలింది లక్షకు కాస్త తక్కువ. అనంతపురం జిల్లాలో మాకు ఆరెకరాలు ఉంది. నాలుగెకరాల ఎర్రనేలలో వానాధారపు వేరుశనగ, బోరు కింద రెండెకరాల చీనీ (బత్తాయి) తోట. పనిముట్ల దుకాణంలో అడుగుపెట్టగానే యజమాని "రోటవేటర్ లేని ట్రాక్టర్‌తో ఏం చేస్తారన్నా?" అన్నాడు. నా దగ్గరున్న డబ్బుకు ఒక చిన్న రోటవేటర్, అంటే తిరిగే కత్తులతో మన్ను నలగ్గొట్టే పనిముట్టు, వస్తుంది. లేదంటే అయిదు కర్రుల గొర్రు, అంటే కల్టివేటర్, దానితోపాటు వేరుశనగ విత్తే యంత్రం వస్తాయి. రెండువారాల పాటు ఎటూ తేల్చుకోలేకపోయాను.

చివరకు దారి చూపింది మా నాన్న అడిగిన ఒక్క ప్రశ్న. "వాన పడిన మర్నాడు ఏది లేకపోతే నువ్వు ఇంకొకరి ఇంటి ముందు నిలబడాలి?" మా నేలలో పదును, అంటే దున్ని విత్తడానికి తగిన తడి, రెండు మూడు రోజులే ఉంటుంది. జూన్, జూలైలో మంచి వాన పడితే ఊరంతా ఒకేసారి చేలోకి దిగుతుంది. అద్దె ట్రాక్టర్ మన వంతుకు వచ్చేసరికి పైతడి ఆరిపోతుంది. కాబట్టి పదును వేళ అందరికీ ఒకేసారి కావలసింది సొంతంగా ఉండాలి. వారం అటూ ఇటూ అయినా పరవాలేనిది అద్దెకు తెచ్చుకోవచ్చు. నేను అన్ని పనిముట్లనూ ఈ లెక్కతోనే తూచాను.

ముందు రోటవేటర్ తరఫున చెప్పవలసింది చెబుతాను, ఎందుకంటే దాని గొప్ప దానికి ఉంది. గొర్రు లాగాలంటే టైర్లకు నేల మీద పట్టు కావాలి. చిన్న ట్రాక్టర్ బరువు తక్కువ కావడంతో గట్టినేలలో చక్రాలు జారతాయి, డీజిలు ఊరికే కాలుతుంది. రోటవేటర్‌కు ఇంజను బలం పీటీవో షాఫ్ట్, అంటే బండి వెనక తిరిగే కడ్డీ, ద్వారా నేరుగా కత్తులకే అందుతుంది. పైగా తిరిగే కత్తులు బండిని కొద్దిగా ముందుకు నెడతాయి కూడా. కాలం లెక్కలోనూ అది ఓడిపోదు. నాలుగడుగుల రోటవేటర్ గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో నడిస్తే, మలుపుల్లో పోయే సమయం తీసేసినా ఎకరం గంటన్నరలో అయిపోతుంది. గొర్రుతో ఒకసారి దున్నడం గంటలోపే ముగుస్తుంది గానీ ఇరువాలు, అంటే అడ్డంగా రెండోసారి, దున్నక తప్పదు కనుక దానికి రెండు గంటలు పడుతుంది. మొక్కజొన్న మోళ్లు నలగ్గొట్టాలన్నా, పచ్చిరొట్టగా వేసిన జనుమో జీలుగో పూత దశలో నేలలో కలిపేయాలన్నా రోటవేటర్‌కు సాటి లేదు.

మరి అడ్డం ఎక్కడ? మా నేలలోనే. కొన్నేళ్ల క్రితం ఒక చేను రోటవేటర్ అద్దెకు తెచ్చి తయారు చేయించాను. గట్టుకు ఇవతలి చేను గొర్రుతో రెండుసార్లు దున్నించాను. రెండింటిలోనూ ఒకే రోజున ఒకే విత్తనం వేశాం. మూడోనాడు గట్టివాన కురిసింది, ఆ వెంటనే ఎండ కాసింది. రోటవేటర్ వేసిన చేలో మన్ను అప్పటికే పిండిలా నలిగి ఉంది. ఆ పిండి తడిసి, ఎండి, అప్పడంలా అట్టకట్టింది. వేలితో ఒక పెచ్చు ఎత్తి చూశాను. కింద మొలక పాలిపోయి, మెడ వంచుకుని, పైకి దారి దొరక్క పక్కకు పాకుతోంది. అలాంటివి వరుసలో నాలుగు చూశాక ఇక ఎత్తి చూడబుద్ధి కాలేదు. గొర్రు వేసిన చేలో గోలీకాయంత, నిమ్మకాయంత బెడ్డలు మిగిలాయి. ఆ సందుల్లోంచి మొలకలు వరుసగా లేచాయి. చేను చూడటానికి నున్నగా ఉంటే మనసుకు బాగుంటుంది, నిజమే. కానీ వేరుశనగకు కావలసింది కింద వదులు మన్ను, పైన కాస్త గరుకు.

రెండో నష్టం కంటికి కనబడదు. రోటవేటర్ లోతు నాలుగు నుంచి ఆరంగుళాలు. ఏటా అదే లోతులో కత్తులు తిరిగితే దాని కింద మన్ను నొక్కుకుపోయి గట్టిపొర తయారవుతుంది. వాన నీరు కిందికి దిగదు, వేరు కూడా దిగదు. దీన్ని తేలికగా పరీక్షించవచ్చు. వాన పడి ఒకరోజు గడిచాక ఒక సన్నని ఇనుప చువ్వను చేలో అక్కడక్కడా గుచ్చండి. అయిదంగుళాలు దిగి ప్రతిచోటా అక్కడే ఆగిందంటే పొర ఏర్పడినట్టే. గొర్రుతో కూడా ఏటా ఒకే లోతున దున్నితే పొర కడుతుంది గానీ, రోటవేటర్ ఆ పని త్వరగా చేస్తుంది.

తుంగ, గరిక ఉన్న చేలో అయితే రెండు మాటలు లేవు. రోటవేటర్ గరికను ముక్కలు చేసి చేనంతా వెదజల్లుతుంది, కణుపు ఉన్న ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. గొర్రు దాన్ని వేళ్లతో సహా పైకి లాగి ఎండలో పడేస్తుంది.

గొర్రులోనూ రెండు రకాలున్నాయి. రాళ్లున్న ఎర్రనేలలో స్ప్రింగుల గొర్రే మేలు. రాయి తగిలితే కర్రు వెనక్కి ఒరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. బిగింపు గొర్రు చౌక, తేలిక. రాళ్లు లేని నేలకు అదే చాలు. మా చేలో మాత్రం దాని కాళ్లు వంగేవి. 24 హార్స్‌పవర్‌కు అయిదు కర్రులు సరిపోతాయి. తొమ్మిది కర్రులది తక్కువ ధరకు వస్తోందని తెచ్చుకుంటే అది లోతు దిగదు, నేలను గీరి వదిలేస్తుంది.

గొర్రు ధరకు మూడు నాలుగింతలు పెడితే గానీ చిన్న రోటవేటర్ రాదు. ఆ తేడా డబ్బుతో నేను విత్తే యంత్రం కొన్నాను. అన్నిటికన్నా మంచి నిర్ణయం ఇదే అనుకుంటున్నాను. మా అమ్మ కాలంలో గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో, అంటే విత్తనం పోసే చెక్క గిన్నెలో, గుప్పెటతో విత్తనం జారవిడిచేవారు. ఆ చేతి ఒడుపు ఇప్పుడు ఊళ్లో ఒకరిద్దరికే ఉంది, వాళ్లు కూడా పదును రోజున దొరకరు. యంత్రం వరుసకు వరుసకు మధ్య 30 సెంటీమీటర్లు, అయిదు సెంటీమీటర్ల లోతు, విత్తనం పక్కనే ఎరువు, అన్నీ ఒకే నడకలో చేస్తుంది. ఇందులో చూడవలసింది విత్తనం జారే ఏర్పాటు. గాడులున్న రోలరు తిరిగే రకం వేరుశనగ గింజను నొక్కి పొట్టు చీలుస్తుంది, బద్దలు చేస్తుంది. ఏటవాలు పళ్లేల రకం ఒక్కో గింజను మెల్లగా ఎత్తి వదులుతుంది. దుకాణంలోనే రెండు కిలోల గింజలు పోసి, చక్రం చేత్తో తిప్పించి, కింద తువ్వాలు పరిచి పట్టండి. బద్దలైనవి ఎన్నో ఏరి లెక్కపెట్టండి. విత్తనం ధర తెలిసిన వారికి ఆ లెక్క విలువ చెప్పనక్కరలేదు.

తక్కినవాటి మీద నాకు పెద్ద మీమాంస లేదు. రెక్కనాగలి రెండు మూడేళ్లకోసారి వేసవి దుక్కికి చాలు. లోతుగా దున్ని మన్ను తిరగేస్తే గట్టిపొర పగులుతుంది, మన్నులో దాగిన ఎర్ర గొంగళి పురుగు కోశాలు ఎండకు బయటపడి చస్తాయి. కానీ ఆ పని 45, 50 హార్స్‌పవర్ బండి చేయాలి. వేసవిలో అలాంటివి ఖాళీగానే ఉంటాయి, అద్దెకు తెచ్చుకుంటే సరి. ట్రాలీ మీద అందరికీ మోజు ఉంటుంది, నాకూ ఉంది. అయితే చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. నిండు బరువుతో వాలు దిగేటప్పుడు తేలిక బండిని వెనక నుంచి నెట్టేస్తుంది. ఏడాదిలో పదిసార్ల పంట రవాణాకు నేను ట్రాలీ కొనను.

చీనీ తోటకు రోటవేటర్ కావాలి కదా అని కొందరు అడిగారు. చీనీకి ఆహారం తీసుకునే సన్నవేళ్లు పైపొరలోనే ఉంటాయి. చెట్ల గొడుగు కింద కత్తులు తిప్పితే అవి తెగుతాయి, ఆ గాయాల్లోంచి వేరుకుళ్లు ప్రవేశిస్తుంది. సాళ్ల మధ్య గడ్డిని నేను పైపైన కోయిస్తాను, చెట్ల పాదుల్లో కొడవలితోనే.

కొనేటప్పుడు మూడు విషయాలు మరవకండి. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం వరకు, మిగతావారికి 40 శాతం వరకు రాయితీ ఉంది. కానీ రాయితీ పోగా కట్టే సొమ్ము ఒక్కటే చూడకండి, అదే సరుకు బయట ఎంతో కూడా కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దుక్కి, సాగు పనిముట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ వరుస చదవండి. మా జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అలాంటి చోట పరీక్ష జరిగిన నమూనాయేనా అని అడగడానికి మొహమాటపడవద్దు.

మీది వరి మడి అయితే నా వరుసను తిరగేయండి. దమ్ము చేయడానికి మన్ను పిండి కావాలి, అడుగున గట్టిపొర ఉంటేనే నీరు నిలుస్తుంది. మా చేలో తప్పయిన రెండు గుణాలూ అక్కడ మేలు చేస్తాయి. నాట్ల వేళ ఊరంతా అడిగేది కూడా రోటవేటర్‌నే. అప్పుడు ఇనుప దమ్ము చక్రాలతో పాటు దాన్నే ముందు కొనండి. వెడల్పు మాత్రం నాలుగడుగులు దాటనివ్వకండి. 24 హార్స్‌పవర్ ఇంజను నుంచి పీటీవో దగ్గరికి చేరేది ఇరవై చిల్లరే, అయిదడుగుల దాన్ని తగిలిస్తే బండి మూలుగుతూ ఆగిపోతుంది. అలాగే వెనక చక్రాల బయటి అంచుల మధ్య దూరం టేపుతో కొలిచి వెళ్లండి. రోటవేటర్ అంతకన్నా సన్నగా ఉంటే ఒక టైరు జాడ దున్నిన చోట మిగిలిపోతుంది. పీటీవో షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు అడ్డంగా ఉందని చాలామంది మొదటి రోజే పీకి పారేస్తారు. నిమిషానికి 540 సార్లు తిరిగే ఆ కడ్డీకి పంచె కొంగో చీర చెరగో చిక్కితే తప్పించుకునే వ్యవధి ఉండదు. తొడుగు పగిలితే కొత్తది వేయించిన తరువాతే బండి తీయండి.