పాత నోవాలో ట్రక్కు ఇంజిన్, నాలుగేళ్ల తర్వాత

ఈ నాలుగేళ్లలో నేను రోడ్డు కంటే ఎక్కువగా చూసింది ఆయిల్ ప్రెషర్ ముల్లునే. పక్క సీట్లో మా ఆవిడ ఏదో చెబుతుంటే ఊఁ కొడుతూ దానివైపే చూస్తుంటానని ఆవిడ కంప్లైంట్, అది నిజమే.

బండి 1972 షెవర్లే నోవా కారు, ఉండేది డల్లస్ పక్కన. దాంతో వచ్చిన 307 (ఘనపు అంగుళాల్లో సైజు) ఇంజిన్ పెట్రోలు కంటే ఆయిలే ఎక్కువ తాగుతోందా అనిపించే స్థితికి వచ్చాక, దాన్నే బోరు చేయించాలా, కొత్త 350 కొనాలా, అందరూ చెప్పే 5.3 లీటర్ల ట్రక్కు ఇంజిన్ వేయాలా అని ఆరు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. 350 అయితే ఇంజిన్‌ని పట్టుకునే పాత మౌంట్ల మీదే కూర్చుంటుంది, పాత గేర్‌బాక్సే సరిపోతుంది, రెండు వారాంతాల్లో పని అయిపోయేది. కానీ పాత బళ్ల యార్డులో వెనక గుద్దుకుని పడి ఉన్న 2004 సిల్వరాడో ట్రక్కు నుంచి ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్, కంప్యూటర్ అన్నీ కలిపి 900 డాలర్లకి ఇస్తామనేసరికి ఇంకేం ఆలోచించలేదు. అప్పట్లో మా వాట్సాప్ గ్రూపులో తొమ్మిది వందలకే కొట్టేశానని తెగ గొప్పలు పోయాను.

ఆ తొమ్మిది వందలు అబద్ధం కాదు. అయితే పాత కార్బ్యురేటర్‌కి పెట్రోలు ప్రెషర్ ఆరేడు పీఎస్‌ఐ ఉంటే చాలు, ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న దీనికి 58 కావాలి, అంటే లోపల పెట్రోలు పంపు ఉన్న కొత్త ట్యాంకు. ట్రక్కు తాళం కనబడకపోతే దొంగతనం అనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది కాబట్టి ఆ ప్రోగ్రామ్ మార్పించాలి. పొగ బయటికి పంపే హెడర్లు, మౌంట్లు, రేడియేటర్, డ్రైవ్‌షాఫ్ట్ ఒక్కోటీ వచ్చిపడ్డాయి. మొత్తం 6,300 దాటాక లెక్క రాయడం మానేశాను.

వీటన్నిటికీ సరే అనుకోవచ్చు, నా కోపమంతా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అదే ఆయిల్ పాన్ మీదే. ట్రక్కు ఎత్తుగా ఉంటుంది కాబట్టి దాని పాన్ బాగా కిందికి దిగి ఉంటుంది, నోవాలో ఇంజిన్ కింద అడ్డంగా ఉండే దూలానికి (క్రాస్‌మెంబర్) తగులుతుంది. పాన్ మార్చాలి. పాన్ మారిస్తే అందులోంచి ఆయిల్ పీల్చే ట్యూబు మారుతుంది, ట్యూబు మారితే అది ఆయిల్ పంపులో దూరే చోట ఉండే రబ్బరు రింగు మారుతుంది. ఆ రింగుల్లో మందం తేడాలు ఉంటాయి. గాస్కెట్ సెట్‌లో రెండు వచ్చాయి, నేను చేతికి అందిందాన్ని వేసేశాను. రాత్రి పదకొండు అయింది, ఆకలి, అదీ కథ.

రెండో ఏడాది వేసవిలో మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు పదికి వచ్చేది, పచ్చ లైటు పడి కాలు నొక్కగానే పెరగాల్సింది పోయి ఇంకా పడేది, ఇంజిన్ పైనుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. బ్రేక్ వేస్తే మళ్లీ లేచేది. సెన్సర్ మార్చాను. చిక్కటి ఆయిల్ పోశాను. ఒక మెకానిక్ విని బేరింగులు పోయాయి, ఇంకో ఇంజిన్ చూసుకోమన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడే మా మామగారు తెనాలి దగ్గర నుంచి ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. ఆయనకి ఈ బండి అంటే మొదటి నుంచీ చిరాకు, ఈ డబ్బుకి మంచి కారొచ్చేదిగా అని. రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని చూస్తూ ఉండేవారు. ఒకరోజు అన్నారు, "అల్లుడు గారూ, మీరు ముందుకి పెట్టి ఆపిన రోజు గోల చేస్తోంది, వెనక్కి పెట్టి ఆపిన రోజు చేయట్లేదు, గమనించారా?" మా డ్రైవ్‌వే వీధివైపు వాలుగా ఉంటుంది. వెనక్కి పెడితే బండి మూతి కిందికి ఉంటుంది. "మా పొలంలో ఆయిలింజనుకి పైపు జాయింటు దగ్గర గాలి లాగితే నీళ్లు ఎత్తేది కాదండీ, ఇదీ అదే," అన్నారు.

ఆ రబ్బరు రింగు ఉండేది ఇంజిన్ ముందు వైపే. మూతి కిందికి ఉంటే ఆయిల్ ముందుకి వచ్చి ఆ జాయింటు మునుగుతుంది, గాలి దూరదు. కాలు నొక్కితే ఆయిల్ వెనక్కి పోతుంది, గాలి దూరుతుంది. ఖాయం చేసుకోవడానికి రెండు క్వార్టుల (దాదాపు రెండు లీటర్లు) ఆయిల్ ఎక్కువ పోసి చూశాను, ముల్లు చక్కగా నిలబడింది. ఆ ఎక్కువ ఆయిల్‌తో నడపకూడదు, పరీక్షకి మాత్రమే.

తర్వాత రెండు శనివారాలు ఇంజిన్ మౌంట్ల నుంచి పైకెత్తి, పాన్ దింపి చూస్తే రింగు ఒక పక్క నలిగి, చిన్న ముక్క ఊడి ఉంది. రెండు డాలర్ల వస్తువు. మామగారు దాన్ని వేలికి తొడుక్కుని చూసి ఏమీ అనలేదు, అంటే బాగుండేది. ఈసారి ట్యూబుకి సరైన మందం చూసి వేసి, ఒకే బోల్టు మీద ట్యూబు వాలకుండా రెండో పక్క పట్టే క్లాంపు కూడా బిగించాను. ఇప్పుడు వేడెక్కాక కూడా ఆగినచోట పాతిక ఉంటోంది.

ఇంజిన్ సంగతికొస్తే, జనవరి పొద్దున చోక్ లాగి, రెండుసార్లు తొక్కి, దేవుడా అనుకుంటూ తాళం తిప్పే పని లేదు, మా కామ్రీ లాగే లేస్తుంది. హైవే మీద గ్యాలన్‌కి 20 మైళ్లు వస్తోంది, 307కి 13 వచ్చేది. అయినా ఎవరైనా అడిగితే 5.3 వేసేయమని ఒక్కమాటలో చెప్పను. నాకు గ్యారేజీ ఉంది, ఆఫీసుకి వేరే కారు ఉంది, టెక్సాస్‌లో ఇంత పాత బండికి పొగ పరీక్ష లేదు. ఉన్నది ఈ ఒక్క బండే, వచ్చే నెలకి రోడ్డెక్కాలి అంటే 350 వేసుకోండి, కార్బ్యురేటర్‌ని తిట్టుకుంటూ అయినా తిరగొచ్చు. 5.3యే కావాలంటే పాన్, ట్యూబు, రింగు ఒకే సెట్టుగా కొనండి, అక్కడ మాత్రం పొదుపు వద్దు.

పాత 307 ఇంకా గ్యారేజీ మూల టార్పాలిన్ కింద ఉంది. మొన్న ఒకతను 200 ఇస్తానన్నాడు, చూసి చెబుతానన్నాను.