వారాంతపు విశ్రాంతికి పెద్ద వైనరీయా, చిన్న కుటుంబ వైనరీయా: ఏది మేలు?

రెండు రోజుల విశ్రాంతి కోసం ద్రాక్షతోటల ప్రాంతానికి వెళ్లాలనుకునేవారిని మొదట తికమకపెట్టేది అక్కడి వైనరీల, అంటే వైన్ తయారుచేసే చోట్ల, సంఖ్యే. అమెరికాలోని నాపా లోయ పొడవు సుమారు 50 కిలోమీటర్లు మాత్రమే అయినా, అందులో నాలుగు వందలకు పైగా వైనరీలు ఉన్నాయి. అలాంటి జాబితాను ముందు పెట్టుకుని రోజుకు నాలుగైదు చొప్పున పేర్లు రాసుకుంటే, ఆదివారం సాయంత్రానికి మిగిలేది బడలికే. అందువల్ల ఎలాంటి వైనరీలను చూడాలన్న ప్రశ్నకంటే ముందు ఎన్నింటిని చూడాలన్నది తేల్చుకోవాలి.

దీనికి చిన్న లెక్క చాలు. ఒక టేస్టింగ్‌లో, అంటే వైనరీలో అతిథులకు వైన్ రుచి చూపించేటప్పుడు, ఐదు రకాల వైన్ ఇచ్చి, ఒక్కొక్కటి 50 మిల్లీలీటర్ల చొప్పున పోశారనుకుందాం. మొత్తం 250 మిల్లీలీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలో సరిగ్గా మూడో వంతు. ఒకే రోజు మూడు వైనరీలు తిరిగి, పోసినదంతా మింగిన మనిషి ఒక పూర్తి సీసా ఒక్కడే తాగినట్టు లెక్క. దానికితోడు రెడ్ వైన్‌లోని వగరుకు నాలుక మొద్దుబారి, మూడో చోట ఎంత మంచి వైన్ పోసినా దాని రుచి సరిగా తెలియదు. నా దృష్టిలో రోజుకు రెండు వైనరీలే గరిష్ఠ పరిమితి. ఆ రెండింటికి కూడా, అసలు తాగని మనిషి గానీ అద్దె వాహనం డ్రైవరు గానీ బండి నడపవలసిందే. ఈ విషయంలో సర్దుబాటుకు తావు లేదు. రుచి చూసి ఉమ్మివేయడానికి బల్ల మీద పాత్ర ఉంచుతారు. దానిని వాడుకోవడాన్ని అక్కడెవరూ అమర్యాదగా భావించరు. వైన్ తయారుచేసేవారు కూడా అదే పని చేస్తారు.

ఇక ఎంపిక సంగతి. పెద్ద ఎస్టేట్‌కు, అంటే పెద్ద వైనరీకి, వెళ్తే అన్నీ ఒక క్రమంలో కనిపిస్తాయి. ద్రాక్ష గుత్తులు దిగే చోటు, కాడలను వేరుచేసే యంత్రం, వరుసగా నిలబెట్టిన ఉక్కు ట్యాంకులు, వాటి తర్వాత పీపాల గది: ఒక గంటలో మొత్తం ప్రక్రియ కళ్లముందు తిరుగుతుంది. తెల్ల వైన్‌కు ద్రాక్షను ముందే పిండి, రసాన్ని మాత్రమే సాధారణంగా 12 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో పులియబెడతారని, రెడ్ వైన్‌ను మాత్రం తొక్కలతో కలిపి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో పులియనిస్తారని, రంగూ వగరూ ఆ తొక్కల నుంచే వస్తాయని మొదటిసారి వినేవారికి ఇక్కడ చక్కగా అర్థమవుతుంది. వైనరీని అతిథులు వచ్చి చూసే చోటుగా తీర్చిదిద్దిన తొలితరం వారిలో, 1966లో నాపాలో తన వైనరీని నెలకొల్పిన రాబర్ట్ మొండావిది ముఖ్యమైన పేరు. కూర్చోవడానికి నీడ, నడవడానికి దారి, తాగనివారికి కూడా పొద్దుపోయే ఏర్పాట్లు పెద్ద ఎస్టేట్‌లలోనే ఎక్కువగా ఉంటాయి. వృద్ధులతోనో పిల్లలతోనో వెళ్లేవారు ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు.

అయితే లోటు కూడా అక్కడే ఉంది. చూపించే మనిషి వేరు, వైన్ చేసే మనిషి వేరు. ఇరవై మంది గుంపులో నిలబడి అడిగిన ప్రశ్నకు తరచూ ముందే సిద్ధం చేసిన జవాబే వస్తుంది. పోసే వైన్‌లలో చాలావరకు బయట దుకాణాల్లో దొరికేవే ఉంటాయి.

చిన్న కుటుంబ వైనరీలో అనుభవం వేరు. యజమానే తలుపు తీస్తారు, చాలాసార్లు మరకలు పడిన చేతులతోనే. కొత్త ఓక్ చెక్క పీపా మూత తీసి, పొడవాటి గాజు గొట్టాన్ని లోపలికి దించి, పైకొనను బొటనవేలితో మూసి పైకి లాగి, మీ గ్లాసులో కాస్త వదులుతారు. ఆ వైన్ ఇంకా తేరుకోలేదు; కొంచెం మబ్బుగా, ఘాటుగా, నోరు పట్టేసే వగరుతో ఉంటుంది. అదే తోటలోని అదే ద్రాక్షతో చేసిన వైన్‌ను పక్కనున్న పాత పీపా నుంచి తీసి ఇచ్చినప్పుడు, కొత్త ఓక్ చెక్క ఇచ్చే వెనిల్లా వాసన, కాల్చిన చెక్క వాసన ఇందులో లేవని మీ ముక్కే చెబుతుంది. ఇలా రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని నేర్చుకున్నది పెద్ద హాలులో గంటసేపు విన్నా అబ్బదు. ఫ్రాన్స్‌లోని బర్గండీలో, క్లో ద వూజో అనే ఒకే ప్రహరీ లోపల ఉన్న సుమారు 50 హెక్టార్ల తోట దాదాపు 80 మంది యజమానుల మధ్య పంచబడి ఉంది. తోట పేరు ఒకటే అయినా ఎవరి వైన్ రుచి వారిదే. ఆ తేడా ఎందుకొస్తుందో వివరించగలిగేది ఆ మడిని సాగుచేసే మనిషే.

చిన్నచోట్ల ఇబ్బందులు లేకపోలేదు. ముందుగా ఫోన్ చేసి సమయం తీసుకోకపోతే తలుపు తెరుచుకోకపోవచ్చు. కొన్నిచోట్ల అది చట్టమే: నాపా కౌంటీలో 1990 నాటి నిబంధనల తర్వాత అనుమతి పొందిన వైనరీలు ముందస్తు అపాయింట్‌మెంట్ ఉన్నవారినే అనుమతించాలి. మీ కోసం పని ఆపుకుని ఎదురుచూసే మనిషిని, చెప్పాపెట్టకుండా మానేసి నిరాశపరచడం అన్యాయం. ఇంకొకటి, ఇద్దరు ముగ్గురే ఉన్న గదిలో వైన్ నచ్చకపోయినా మొహమాటంతో కూర్చోవలసి వస్తుంది. అందుకని ఆ వైనరీ ఏ రకం ద్రాక్షకు పేరుపడిందో ముందే కనుక్కుని, మీకు ఇష్టమైన రకమైతేనే వెళ్లడం మంచిది.

బుడగలు పొంగే వైన్ (స్పార్క్లింగ్ వైన్) చేసే ప్రాంతానికి వెళ్తే మాత్రం నా ఓటు పెద్దవాటికే. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో సీసాలోనే రెండోసారి పులిసిన వైన్, సీసాపై పంట సంవత్సరం ముద్ర లేని రకమైతే కనీసం 15 నెలలు, ఆ ముద్ర ఉన్నదైతే కనీసం మూడేళ్లు నిల్వ ఉండాలి. ఆ నిల్వల కోసం అక్కడి రాన్స్ నగరం కింద సుద్దరాతిలో ఉన్న నేలమాళిగలు పెద్ద సంస్థల చేతిలోనే ఎక్కువగా ఉన్నాయి. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ నేలమాళిగల్లో వేసవిలోనూ చలిగానే ఉంటుంది గనుక శాలువా తప్పనిసరి.

కాలాన్ని బట్టి కూడా తీర్పు మారుతుంది. కోతలు ఉత్తరార్ధగోళంలో ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు వరకు, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సాగుతాయి. ఆ రోజుల్లో, పులుస్తున్న రెడ్ వైన్‌లో పైకి తేలిన తొక్కల మందపాటి పొరను కర్రతో లోపలికి తొక్కుతుంటే చూడవచ్చు, కానీ చిన్న వైనరీ యజమానికి మీతో మాట్లాడే తీరిక ఉండదు. కోతల కాలంలో పెద్ద ఎస్టేట్, మిగతా నెలల్లో చిన్న వైనరీ ఎంచుకోవడం ఇద్దరికీ సుఖం.

మొదటిసారి వెళ్లేవారైతే శనివారం ఉదయం, గుంపులు చేరకముందే, పెద్ద ఎస్టేట్ చూసి ప్రక్రియ అంతా అర్థం చేసుకోవాలి. ఆ మధ్యాహ్నం తోటల మధ్య నడకకో నిద్రకో వదిలేసి, ఆదివారం ఒక్క చిన్న వైనరీకి, వైన్ వాసన సరిగా తెలిసేలా అత్తరు పూసుకోకుండా, వెళ్లాలి. పెద్ద ఎస్టేట్ ఒకటి ఇదివరకే చూసినవారు మళ్లీ దాని జోలికి పోకుండా, రోజుకొకటి చొప్పున రెండు చిన్నవి ఎంచుకోవచ్చు. ఆ రెండూ ఒకదానికొకటి అరగంట దూరంలోపే ఉండాలి. ఫోన్ చేసినప్పుడు ఆ రోజు అక్కడ ఏ పని జరుగుతుందో అడగండి. సీసాలు నింపే రోజని చెబితే మరో రోజుకు మార్చుకోండి, పీపాల నుంచి రుచి చూపిస్తామంటే వెంటనే ఖాయం చేసుకోండి.