బరంపురం చలువ కళ్లద్దాలు: నలుపు చూసి కొనకండి

ఎండలు ముదిరేసరికి బరంపురం బడా బజార్‌లో తోపుడు బళ్ల మీద చలువ కళ్లద్దాలు దండల్లా వేలాడతాయి. "ఫుల్ డార్క్ చష్మా, ఎండ అసలు తగలదు" అంటాడు అమ్మేవాడు. వెలుతురు తగలదు, అంతవరకు నిజమే. కానీ కంటిలో శుక్లానికి దోహదం చేసేది కనబడే వెలుతురు కాదు, కనబడని అతినీలలోహిత (యూవీ) కిరణాలు. వాటిని ఆపేది అద్దంలో కలిపిన పదార్థమో, పైన వేసిన పూతో. రంగు కాదు. యూవీ 400 రకమైతే నీళ్లలా తెల్లగా ఉన్న అద్దం కూడా ఆ పని చేస్తుంది.

వందా నూటయాభైకి వచ్చే నల్ల అద్దాల్లో పనికొచ్చేవీ ఉంటాయి, పనికిరానివీ ఉంటాయి. చూసి పోల్చుకోలేం. పనికిరానిది పెట్టుకుంటే ఉత్త కళ్లతో తిరిగినదానికంటే నష్టం కావచ్చు. ఉత్త కళ్లయితే ఎండకి చికిలిస్తాం, కంటిపాప చిన్నదవుతుంది. నల్ల అద్దం వెనక ఆ రెండూ జరగవు. అద్దం వడకట్టని కిరణాలు విప్పారిన పాపలోంచి తిన్నగా లోపలికి దిగుతాయి.

యూవీ 400 అంటే 400 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలను ఆపేది అని అర్థం. స్టిక్కరు ఎవరైనా అంటించగలరు కాబట్టి పరీక్ష చేయించుకోండి. 365 నానోమీటర్ల యూవీ టార్చి, ఒక నోటు చాలు. చీకటి మూలలో టార్చి వేస్తే నోటు మీద నంబరు మెరుస్తుంది. ఇప్పుడు టార్చికీ నోటుకీ మధ్య అద్దం పెట్టి, నోటును అద్దంలోంచి కాకుండా పక్కనుంచి చూడాలి. మెరుపు ఆరిపోతే అద్దం ఆపుతున్నట్టే. అద్దంలోంచి చూస్తే నలుపు వల్లే మెరుపు తగ్గినట్టు కనిపించి మోసపోతాం. ఊదా వెలుగు ఎక్కువగా చిమ్మే 395 టార్చి వద్దు. దాని వెలుగులో కొంత 400 దాటి ఉంటుంది, మంచి అద్దం కూడా తప్పినట్టు కనిపిస్తుంది. ఏ టార్చినీ కళ్లలోకి వెయ్యకూడదు.

అద్దం నెగ్గినా ఫ్రేము దగ్గర చాలామంది ఓడిపోతారు. పక్కనుంచి వచ్చే కిరణాలు నల్లగుడ్డు మీది వంపులో విరిగి, ముక్కు వైపు అంచున ఒకచోట చేరతాయి. కంటిలో కండ పెరగడం ఎక్కువగా ముక్కు వైపే ఎందుకు మొదలవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కటకం అంచునుంచి బండిచక్రం ఆకుల్లా లోపలికి పాకే శుక్లం కూడా తరచు ముక్కు వైపు, కింది భాగంలోనే మొదలవుతుంది. ఎండకీ శుక్లానికీ ముడి బలంగా కనబడింది ఈ రకంలోనే. అమెరికాలో చెసపీక్ అఖాతం మీద పనిచేసే 838 మంది జాలర్లను పరీక్షించి 1988లో వెలువరించిన అధ్యయనం, కంటికి తగిలిన యూవీ–బీ (యూవీలో ఒక రకం) మోతాదు రెట్టింపయితే ఈ శుక్లం ముప్పు 1.6 రెట్లు అవుతుందని లెక్కగట్టింది. కటకం నడిమధ్యన వచ్చే శుక్లానికి అలాంటి ముడి కనబడలేదు. వయసు, షుగరు, పొగ, స్టెరాయిడ్ల పాత్ర ఎలాగూ ఉంది.

గోపాల్‌పూర్ రేవులో తెప్ప మీదికి వెళ్లేవాళ్లకి పైనుంచి వచ్చే ఎండ ఒక్కటే కాదు. పొడి ఇసుక సుమారు 15 శాతం, సముద్రపు నురగ సుమారు 25 శాతం యూవీని వెనక్కి కొడతాయి. తలగుడ్డ, టోపీ కింది నుంచి లేచే ఈ కిరణాలను ఆపలేవు. పైగా పొద్దు వాలుగా ఉన్నప్పుడు కనుబొమ నీడ కూడా దక్కదు. కాబట్టి ఇక్కడ మా ఓటు చెంపలదాకా చుట్టుకునే పాలికార్బొనేట్ అద్దానికే, అదీ తల వెనక తాడు కట్టుకునేలా. రంగు ముదురును బట్టి అద్దాలకిచ్చే కేటగిరీల్లో మూడోది చాలు. నాలుగో కేటగిరీతో బండి నడపకూడదు.

ఎండకి రంగు మారే ఫొటోక్రోమిక్ అద్దాలు ఈ ఊళ్లో డబ్బుకి తగినవి కావు. వేడి పెరిగేకొద్దీ అవి తక్కువగా నల్లబడతాయి, కారు ముందద్దం వెనక దాదాపు మారవు. యూవీని మాత్రం బాగానే ఆపుతాయి. పోలరైజ్డ్ అంటే నీటి తళుకును కోసేది, యూవీ సంగతి విడిగా అడగాలి. పవర్ అద్దాలవాళ్లకి పైన తొడిగే పెట్టెలాంటి చష్మా చూడ్డానికి మొరటుగా ఉన్నా పక్కలు బాగా మూస్తుంది.

ముదిరిన శుక్లాన్ని ఏ అద్దమూ కరిగించదు, దానికి ఆపరేషనే.

సముద్రం నుంచి రాగానే అద్దాన్ని లుంగీతో తుడవకండి. ఆరిన ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ముందు మంచినీళ్లతో కడిగి, తర్వాత మెత్తటి నూలు గుడ్డతో అద్దండి.