షాపువాడి పెన్‌డ్రైవ్ పాట విని స్పీకర్లు కొనకండి

విజయవాడ గవర్నర్‌పేట వైపు స్పీకర్లు కొనడానికి బయల్దేరేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పోయిన నెల నేను 46 వేలు పోసి టవర్ స్పీకర్లు, యాంప్లిఫయర్ తెచ్చుకున్నాను. షాపు పేరు చెప్పను, ఆ గొడవ నాకొద్దు.

ఏసీ గదిలో సోఫాలో కూర్చోబెట్టి, కుర్రాడు తన పెన్‌డ్రైవ్ గుచ్చాడు. దడదడలాడే డీజే బీట్లు, మధ్యలో అద్దం పగిలిన చప్పుడు, హెలికాప్టర్. "బేస్ చూడండి సార్, గుండెల్లో కొడుతుంది" అన్నాడు. కొట్టిన మాట నిజమే. అక్కడికక్కడే కార్డు గీకేశాను.

ఇంటికొచ్చి బాలమురళీకృష్ణ గారి కచేరీ పెట్టాను. నాన్న రెండు నిమిషాలు విని, "ఏంట్రా, ఆయన బిందెలో తలపెట్టి పాడుతున్నాడా?" అన్నారు. మృదంగం ఎడమవైపు మోత గదంతా కమ్మేసింది, కుడివైపు నాదం వినిపిస్తే ఒట్టు.

కంప్యూటర్‌లో పుట్టిన బీటు అసలు ఎలా ఉండాలో ఎవరికి తెలుసు? ఎలా మోగినా బాగున్నట్టే ఉంటుంది. మనిషి గొంతు అలా కాదు, పుట్టినప్పటి నుంచి వింటున్నాం, తేడా వస్తే చెవి పట్టేస్తుంది. అందుకే మీకు కంఠతా వచ్చిన పాటే పట్టుకెళ్లండి, అదీ వాట్సాప్‌లో తిరిగి తిరిగి నలిగిన ఫైలు కాకుండా. వీణ ఒకటి పెట్టించి, మీటిన నాదం సన్నగిల్లి ఆగేదాకా వినండి. 1950ల నాటి ఘంటసాల పాట కూడా ఉంచుకోండి. అవి మోనో రికార్డింగులు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది, కాబట్టి గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నిలబడాలి. ఒక పక్కకి జరిగినా, చెదిరినట్టున్నా ఒకదానికి ప్లస్, మైనస్ వైర్లు తిరగేశారో, రెండు స్పీకర్ల జత కుదరలేదో అడగండి. (వెనకాల వినపడే బుస పాత రికార్డుది, పాపం స్పీకర్‌ది కాదు.)

గొడవ పెట్టుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు చూశాను: డెమో యాంప్లిఫయర్‌లో బేస్ నిండా తిప్పేసి, దాన్ని ఇంకా పెంచే లౌడ్‌నెస్ బటన్ నొక్కి ఉంచారు. పైగా అమ్మదలచిన సెట్టుకి పక్కదానికంటే రెండు గీతలు సౌండ్ ఎక్కువ. కాస్త గట్టిగా మోగేదే మేలనిపిస్తుంది చెవికి. రెండూ సమానంగా పెట్టించండి. పెట్టెమీద పీఎంపీఓ వాట్లు (క్షణంపాటు అందుకునే గరిష్ఠం అని చెప్పుకునే లెక్క) వేలల్లో ఉంటాయి, పట్టించుకోకండి, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) ఎంతో అడగండి.

సీలు తీశారు కాబట్టి వాపసు లేదన్నారు. ఎక్స్‌ఛేంజ్‌కి 20 వేలిస్తారట! గుంటూరు, తెనాలి వైపు ఇంటికి తెచ్చి వినిపించి అమ్మేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.