ఓల్డ్ సేరమ్, హానిటన్: ఏ బరో మేలు?

1832 ఎన్నికల సంస్కరణకు ముందు పార్లమెంటుకు సభ్యులను పంపిన ఇంగ్లండు చిన్న బరోలన్నింటినీ (బరో అంటే సభ్యులను ఎన్నుకునే హక్కున్న పట్టణం) ఇప్పుడు ఒకే గాటన కట్టేస్తుంటారు. కానీ ఒక ప్రభువు జేబులో ఉన్న బరో వేరు, సంతలో సరుకులా ఓట్లు అమ్ముడుపోయిన బరో వేరు. రెండూ చెడ్డవే. అయినా వాటిలో ఏది కాస్త నయమో చూడవచ్చు.

విల్ట్‌షైర్‌లోని ఓల్డ్ సేరమ్ ఒకప్పటి కోట పట్టణం. జనం ఎప్పుడో దిగువనున్న సాల్స్‌బరీకి తరలిపోగా గడ్డి దిబ్బ మిగిలింది. అయినా దానికి ఇద్దరు సభ్యులు! పాత ఇళ్ల స్థలాలు ఎవరి చేతిలో ఉంటే ఓట్లు వారి చెప్పుచేతల్లో ఉండేవి. 1831లో ఓటర్లు 11 మంది. ఈ ఆస్తిని 17వ శతాబ్దం చివర్లో కొన్న థామస్ పిట్ ఆ తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. మన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే పెద్ద వజ్రాన్ని కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మింది కూడా ఆయనే. 1735లో ఆయన మనవడు విలియం పిట్ పార్లమెంటులో అడుగుపెట్టింది ఈ దిబ్బ తరఫునే.

డెవన్‌లోని హానిటన్ మాత్రం జనం ఉన్న ఊరు, లేసు అల్లికకు పేరుపొందిన ఊరు. సొంత పొయ్యి మీద కుండ పెట్టుకోగల ప్రతి గృహస్థుకూ అక్కడ ఓటుండేది. హక్కు ఇంత విశాలమైతే ప్రజాస్వామ్యం పండాలి కదా? ధర పండింది. నౌకాదళ అధికారి థామస్ కాక్రన్ 1806 జూన్‌లో లంచం ఇవ్వనని నిలబడి ఓడిపోయాడు. ఓడాక, తనకు ఓటేసిన కొద్దిమందికి తలా పది గినీలు (నాటి బ్రిటిష్ బంగారు నాణేలు) పంచాడు. ఆ ఊరిలో మామూలు రేటు ఐదు. అదే ఏడు అక్టోబరులో జనం ఎగబడి గెలిపించారు. ఈసారి పైసా ఇవ్వలేదని ఆయనే రాసుకున్నాడు. నాకైతే ఆ ఓటర్ల మీద జాలి కన్నా నవ్వే ఎక్కువ వస్తుంది.

జేబు బరోలను సమర్థించేవారికి ఒక గట్టి వాదన ఉంది: డబ్బులేని ప్రతిభావంతుడికి అవే దారి. రాజనీతి చింతకుడు ఎడ్మండ్ బర్క్ 1780లో పెద్ద నగరమైన బ్రిస్టల్‌లో తన అభిప్రాయాలకు మూల్యం చెల్లించి సీటు వదులుకుంటే, ఆశ్రయమిచ్చింది రాకింగ్‌హామ్ ప్రభువు చేతిలోని మాల్టన్ బరో. మెకాలే సంస్కరణ బిల్లును సమర్థిస్తూ ప్రసంగించింది కూడా లాన్స్‌డౌన్ ప్రభువు చేతిలోని కాన్ బరో సభ్యుడిగానే. హానిటన్‌లో వీరికి ఖర్చే తట్టుకోలేనిదయ్యేది.

అయితే ప్రభువుకు మంచి అభిరుచి ఉంటేనే ఈ వాదన నిలుస్తుంది. లేకుంటే ఆ సీటు బావమరిదికో, బేరం కుదిరిన ధనవంతుడికో పోతుంది, అడిగే నాథుడుండడు. హానిటన్‌లో ఓటరు అవినీతిపరుడే, కానీ అభ్యర్థి అతడి గుమ్మం తొక్కక తప్పదు. అందుకే నా ఓటు హానిటన్‌కే, ముక్కు మూసుకుని. ఆ సమయంలో మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లీడ్స్‌లకు సొంతంగా ఒక్క సభ్యుడూ లేడని గుర్తుంచుకుంటే ఈ రెండింటికీ చెరో రెండు సీట్లు అన్యాయమే.

1832 చట్టం 56 బరోలను పూర్తిగా రద్దు చేసింది, వాటిలో ఓల్డ్ సేరమ్ ఒకటి. హానిటన్ మాత్రం రెండు సీట్లతో 1868 దాకా నిలిచింది. బహిరంగంగా ఓటు చెప్పే పద్ధతి పోయి రహస్య బ్యాలెట్ వచ్చింది 1872లో.